పై దారం, కింద దారం (కుట్టు చరిత్ర – 4)



గత మూడు భాగాల్లో నేత, అద్దకం, బట్ట కొలత గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కుట్టు మిషను. అయితే మిషను మొత్తం గురించి కాదు. దాని ముఖం మీద స్ప్రింగుతో ఉండే ఒక చిన్న మర, కింద బాబిన్ కేసుకు ఉండే ఇంకా చిన్న మర, ఈ రెండింటి గురించే. వీటితో సరిచేసేదాన్ని టైలర్లు 'టెన్షన్' అంటారు. టెన్షన్ అనగానే మన విద్యార్థులకు పరీక్షలు గుర్తొస్తాయి కాబట్టి ఇక్కడ బిగువు అందాం.

ముందు పని ఎలా జరుగుతుందో చూద్దాం. అది తెలియకపోతే తర్వాత చెప్పే చరిత్ర గాల్లో తేలుతుంది.

మిషను కుట్టుకు రెండు దారాలు కావాలి. పై దారం రీలు నుంచి బయల్దేరి రెండు గుండ్రటి బిళ్ళల మధ్య నలుగుతూ సూది కంట్లోకి వస్తుంది. కింద దారం బాబిన్ మీద చుట్టి ఉంటుంది. బాబిన్ కేసుకు అతికించిన సన్నటి రేకు దాన్ని నొక్కి పడుతుంది. సూది బట్టలోకి దిగి, మళ్ళీ కొంచెం పైకి లేవగానే దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంటుంది. షటిల్ కొన ఆ ఉచ్చును అందుకుని కింద దారం చుట్టూ తిప్పేస్తుంది. అప్పుడు పైనున్న మీట లేచి ఉచ్చును లాగి బిగిస్తుంది. ఈ రెండు దారాలు ఒకదాన్నొకటి పట్టుకునే చోటు బట్ట మందంలో మధ్యన పడాలి. అలా పడితే పైనా కిందా కుట్టు ఒకే తీరుగా కనబడుతుంది, పట్టు ఎక్కడుందో కంటికి ఆనదు. దీన్నే లాక్ స్టిచ్ అంటారు.

పై బిళ్ళలు వదులుగా ఉంటే కింద దారం ఆ పట్టును తనవైపు లాగేసుకుంటుంది. బట్ట అడుగున దారం ఉండలు కడుతుంది. పై బిళ్ళలు మరీ బిగిస్తే కింద దారం చుక్కలు చుక్కలుగా పైకి తేలుతుంది, పల్చటి బట్ట ముడతలు పడుతుంది, ఒక్కోసారి దారమే తెగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కింద ఉండలు కట్టగానే బాబిన్ ఊడదీసి చూస్తారు. కింద కనబడింది కాబట్టి తప్పు కిందే ఉందనుకుంటారు. చాలాసార్లు తప్పు పైనే ఉంటుంది. కనబడే చోటు ఒకటి, కారణం ఉన్న చోటు ఇంకొకటి.

ఈ మర చరిత్రలో ఒక రాత్రి ఉంది.

1850లో అమెరికాలోని బోస్టన్ నగరం. ఐజాక్ సింగర్ అనే నాటకాల మనిషి, మరలు కూడా తయారుచేసేవాడు, ఆర్సన్ ఫెల్ప్స్ అనే ఆయన వర్క్‌షాపులో కుట్టు మిషను చేయడానికి కూర్చున్నాడు. అప్పటికే ఉన్న మిషన్లు పదే పదే చెడిపోతుంటే వాటిని బాగుచేసే పని ఆ షాపులో జరిగేది. కొత్త నమూనా ఖర్చుకు జార్జ్ జీబర్ అనే భాగస్వామి 40 డాలర్లు పెట్టాడు. 11 రోజులు పగలూ రాత్రీ పని చేశారు. మిషను తయారైంది గానీ కుట్టు బిగియలేదు. పనివాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. అర్ధరాత్రి సింగర్, జీబర్ ఇద్దరూ నీరసంగా బసకు నడుస్తూ దారిలో చెక్కల కుప్ప మీద కూలబడ్డారు. అక్కడ జీబర్ ఒక మాట అన్నాడు: వదులుగా ఉన్న దారపు ఉచ్చులన్నీ బట్ట పై వైపునే ఉన్నాయి, గమనించావా అని. సూది దారానికి బిగువు సరిచేయడం మరిచిపోయామని సింగర్‌కు అప్పుడు తట్టింది. వెనక్కి వెళ్ళి బిగువు సరిచేసి చూస్తే అయిదు కుట్లు చక్కగా పడ్డాయి, ఆ వెంటనే దారం తెగింది. ఆ అయిదు కుట్లు చాలనుకున్నారు. (ఆ మొదటి నమూనాలో ఉచ్చులు పై వైపున తేలాయని సింగర్ చెప్పాడు. మన ఇళ్ళలో మిషన్లకు సూది దారం వదులైతే ఉచ్చులు కింద వైపున వస్తాయి. నేర్చుకునేవాళ్ళు ఇక్కడ తికమక పడొద్దు.)

ఈ కథ మనకు చేరింది సింగర్ నోటి నుంచే. అందులో జీబర్ ఒక్క మాట అని పక్కకు తప్పుకుంటాడు, మెరుపు మాత్రం సింగర్ బుర్రలోనే మెరుస్తుంది. కుట్టును కళ్ళు పెట్టి చూసింది జీబర్. డబ్బు పెట్టిందీ జీబరే. ముందు ఫెల్ప్స్‌ను భాగస్వామ్యం నుంచి కొని పంపేశారు. 1851 చివర్లో జీబర్ జబ్బుపడి మంచం మీద ఉన్నప్పుడు 6,000 డాలర్లకు అతని వాటాను కూడా రాయించుకున్నారు. సింగర్ పేరు ప్రపంచమంతా ఇనప అక్షరాలతో పోత పోసుకుంది. జీబర్ పేరు మిషన్ల చరిత్ర చదివేవాళ్ళకు తప్ప ఎవరికీ తెలియదు.

1851 ఆగస్టు 12న సింగర్‌కు పేటెంట్ వచ్చింది. అందులో ఆయన తనవని చెప్పుకున్న అంశాలు చూడండి: ఉచ్చు పడ్డాక షటిల్‌ను ఇంకాస్త ముందుకు నెట్టి కుట్టును బిగించడం, సూది కిందికి దిగేటప్పుడు పై దారం సడలకుండా రాపిడితో ఆపడం. అంటే బిగువు మీదే హక్కు రాయించుకున్నాడు. లాక్ స్టిచ్ ఆయన కనిపెట్టింది కాదు. 1846లోనే ఎలియాస్ హోవ్ దాని మీద పేటెంట్ తీసుకున్నాడు, ఆ దావాలో సింగర్ ఓడి డబ్బు కట్టాల్సి వచ్చింది. హోవ్ కంటే పదేళ్ళకు పైగా ముందే వాల్టర్ హంట్ అలాంటి కుట్టు వేసే మిషను చేశాడు, కానీ పేటెంటుకు వెళ్ళలేదు. చివరికి 1856లో పెద్ద కంపెనీలన్నీ తగువులాట మానుకుని తమ పేటెంట్లన్నీ ఒక కుప్పలో వేసుకున్నాయి. ఆ తర్వాత అమెరికాలో ఎవరు మిషను చేసినా ఆ కుప్పకు కప్పం కట్టాల్సిందే.

ఇప్పుడు మన వైపు వద్దాం.

బస్టాండు పక్కన చెట్టు కింద కూర్చుని చెప్పులు కుట్టే పెద్దాయన చేతుల్ని ఎప్పుడైనా కాసేపు చూశారా? కొనకు కొక్కెం ఉన్న ఆరెతో అట్టను గుచ్చుతాడు. అట్ట కింద ఎడమచేతిలో ఉన్న దారాన్ని ఆ కొక్కేనికి తగిలించి ఉచ్చుగా పైకి లాగుతాడు. పైనున్న దారపు కొసను ఆ ఉచ్చులోంచి దూరుస్తాడు. తర్వాత రెండు చేతులతో రెండు కొసలనూ ఒక్కసారి లాగుతాడు. రెండు దారాలు తోలు మందంలో, మధ్యన, కనబడకుండా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. మిషను చేసేదీ ఇదే. బిళ్ళలు, రేకు, మీట చేసే పనిని ఇక్కడ రెండు భుజాలు చేస్తున్నాయి. దారానికి మైనం రాయడం కూడా బిగువులో భాగమే. మైనం రాసిన దారం తోలులో ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది.

మా తాతల పనిని చూసి హోవ్ కాపీ కొట్టాడని నేను అనడం లేదు. అలాంటి మాటలు వాట్సాప్‌లో బాగుంటాయి, మన వాదనకు చేటు చేస్తాయి. యూరప్‌లో చెప్పులు కుట్టేవాళ్ళకూ రెండు కొసల కుట్టు తెలుసు. నేను అనేది వేరు. ఏ జ్ఞానానికి బోస్టన్‌లో పేటెంట్ ఇచ్చారో, ఆ జ్ఞానం ఉన్న చేతులను ఇక్కడ ఊరి బయట కూర్చోబెట్టారు.

ఆ చేతులకు తెలిసిన బిగువు ఒక్క చెప్పుకే పరిమితం కాదు. కరెంటు మోటార్లు రాకముందు బావి నుంచి పొలానికి నీళ్ళెక్కించిన మోటకు తోలు తొండం కుట్టింది మాదిగలే. ఆ కుట్టు వదులైతే నీళ్ళు దారిలోనే కారిపోతాయి, మడి ఎండుతుంది. తంగేడు చెక్కతో లందలో తోలు ఊనడం దగ్గర్నుంచి కుట్టు దాకా అంత లెక్కగా పనిచేసినందుకు కళ్ళంలో కొన్ని మానికల గింజలు కొలిచేవాళ్ళు, అదీ దూరం నుంచి. డప్పును సెగకు పట్టి చర్మం పలికేదాకా కాచేవాడికి బిగువు గురించి పాఠం చెప్పాల్సిన పని లేదు. ఇటు మాలల్లో ముతక బట్ట నేసినవాళ్ళున్నారు, ఉత్తర తెలంగాణలో నేతకానివాళ్ళున్నారు. మగ్గం మీద పడుగు సమంగా బిగించకపోతే బట్టే రాదు. (రెండు దారాలు సమంగా లాగితేనే కుట్టు నిలుస్తుంది అన్నదాన్ని మాల మాదిగల రాజకీయాలకు అంటించమని కొందరు మిత్రులు తప్పకుండా అడుగుతారు. అంటించను. వర్గీకరణ మీద చెప్పాల్సింది సూటిగానే చెప్పాను, దానికి దారం అడ్డం పెట్టుకోనక్కర్లేదు.)

ఆరె గురించి ఇంకొంచెం చెప్పాలి. సంస్కృతంలో ఆ మాట 'ఆరా'. అమరకోశంలో అది తోలును తొలిచే పనిముట్టుగా ఉంది, శూద్రవర్గంలో. పనిముట్లను కూడా వర్ణాల వారీగా అరల్లో సర్దిన నిఘంటువు అది. గుజరాత్‌లో, కచ్‌లో తోలు పని చేసే మోచీలు ఇదే కొక్కెపు ఆరెను సన్నగా చేసి తోలు మీద నుంచి బట్ట మీదికి తెచ్చారు. పట్టు మీద గొలుసు కుట్టుతో పూలు, తీగలు పోశారు. దాని పేరు ఆరి పని. పదిహేడో శతాబ్దంలోనే ఆ బట్టలు ఓడలెక్కి యూరప్ వెళ్ళాయి. పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ దొరసానులు చట్రానికి బట్ట బిగించి కొక్కెపు సూదితో గొలుసు కుట్టు వేయడం మొదలుపెట్టారు. దాన్ని వాళ్ళు టాంబూర్ పని అన్నారు. ఆ విద్య ఇండియా, చైనాల వైపు నుంచే వెళ్ళిందని బట్టల చరిత్రకారుల్లో ఎక్కువమంది చెప్తారు.

1830లో ఫ్రాన్సులో బార్తెలమీ తిమోనియే అనే దర్జీ పేటెంట్ తీసుకున్న మిషను ఆ టాంబూర్ కొక్కెపు సూదినే మరకు బిగించింది. నిజంగా పనికొచ్చిన మొదటి కుట్టు మిషన్లలో అదొకటి. పారిస్‌లో సైన్యానికి యూనిఫాంలు కుట్టే షాపులో వాటిని పెడితే, తమ పొట్ట కొడుతుందని దర్జీలు వెళ్ళి పగలగొట్టారు. తిమోనియే 1857లో పేదవాడిగానే పోయాడు. ఆ మిషనుది ఒకే దారం, గొలుసు కుట్టు. కొస తెగి లాగితే వరసంతా ఊడి చేతికొస్తుంది. ఊడని కుట్టు కావాలనే రెండో దారం వచ్చింది. రెండో దారం వచ్చాకే రెండింటినీ సరితూచే మర అవసరమైంది.

ఇవాళ మన పెళ్ళిళ్ళలో వేలకు వేలు పోసి కుట్టించుకునే మగ్గం వర్క్ జాకెట్లకు వాడే సూదిని ఆరి సూది అనే అంటారు. చట్రం కింద ఎడమచేతి వేళ్ళ మధ్య దారం పట్టుకుని, పైనుంచి కుడిచేతి కొక్కెంతో లాగుతారు. అక్కడ బిగువు మర లేదు, ఎడమచేతి వేళ్ళే మర. చెప్పులు కుట్టే ఆరె పేరే ఆ సూదికీ ఉందని, ఆ జాకెట్టు తొడుక్కుని పీటల మీద కూర్చున్న ఎంతమందికి తెలుసు?

సింగర్ మిషను 1870ల నుంచి మన దేశంలోకి వచ్చింది. నసర్వాన్‌జీ పటేల్ అనే పారశీ వ్యాపారి ఇండియా, బర్మా, సిలోన్‌లకు ఏజెంటుగా ఉండి ఊరూరికీ అమ్మాడు. 1930లలో కలకత్తాలో జయ్ ఇంజనీరింగ్ వాళ్ళ ఉషా మిషను మొదలైంది. మిషన్లంటే ఇష్టపడని గాంధీ కూడా దీనికి మినహాయింపు ఇచ్చాడు. 1924లో రామచంద్రన్ అనే విద్యార్థితో జరిగిన సంభాషణలో ఆ సంగతి ఉంది. భార్య కూర్చుని కష్టపడి కుడుతుంటే చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ ఈ మిషను చేశాడని గాంధీ నమ్మాడు. అసలు సింగర్ పెళ్ళాడిన భార్యను వదిలేసి, వేర్వేరు చోట్ల వేర్వేరు స్త్రీలతో కాపురాలు పెట్టి, గుట్టు బయటపడ్డాక అమెరికా వదిలి యూరప్ చేరినవాడు. ఆ కాపురాల్లో పుట్టిన పిల్లలు ఇరవై మందికి పైనే. గాంధీని ఎగతాళి చేయడానికి ఇది చెప్పడం లేదు. మిషను ఎవరి చెమటలోంచి వచ్చిందో తెలుసుకోకపోతే ఆ ఖాళీలో ఒక మంచి భర్త కథ వచ్చి కూర్చుంటుందని చెప్తున్నాను.

ఆ మంచి భర్త కథ చెప్పుకుంటున్న ఏళ్ళలోనే కుట్టిన బట్ట తొడుక్కోవడం మన వాళ్ళకు నేరంగా ఉంది. ఇండోర్ ప్రాంతంలో బలాయీ కులస్తులకు చుట్టుపక్కల గ్రామాల అగ్రకులాలు పెట్టిన ఆంక్షలను 1928 జనవరిలో టైమ్స్ ఆఫ్ ఇండియా అచ్చేసింది. అంబేద్కర్ 'కుల నిర్మూలన'లో వాటిని ఎత్తి చూపించాడు. జరీ అంచు తలపాగా కట్టకూడదు, రంగు అంచు పంచె కట్టకూడదు, ఆడవాళ్ళు నగలు పెట్టకూడదు, సోకైన గౌన్లు, జాకెట్లు తొడగకూడదు. అంతకుముందు శతాబ్దంలో తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం దశాబ్దాలు కొట్లాడారు. నాడార్లు దళితులు కారు, అయినా అంటరానితనం వాళ్ళనూ వదల్లేదు. అక్కడ గొడవ మొదలైంది కుట్టిన రవిక దగ్గరే. క్రైస్తవం తీసుకున్నవాళ్ళు కుప్పాయం అనే కుట్టిన చొక్కా తొడుక్కోవచ్చన్నారు గానీ, పై కులాల స్త్రీల మాదిరి పైబట్ట వేసుకోవద్దన్నారు. 1859లో రాజు ప్రకటన చేశాక కూడా అగ్రకులాల తీరున వేసుకోకూడదన్న షరతు మిగిలింది. కులానికి ఒంటి మీది కుట్టు కూడా లెక్కే.

అలాంటి చోట సొంత మిషను మన వాడలోకి రావడం చిన్న సంగతి కాదు. మన ఒంటి కొలత మనమే తీసుకోవచ్చు, మన రవిక మనమే కుట్టుకోవచ్చు, ఎవరి గుమ్మం ముందూ నిలబడక్కర్లేదు. అందుకే దళిత ఆడబిడ్డలకు కుట్టు మిషన్ల పంపిణీ అంటే నాకు చులకన లేదు. నా పేచీ మిషను చేతికొచ్చిన తర్వాత సంగతి గురించి.

శిక్షణల్లో ఏం నేర్పుతారో ఒకసారి అడిగి చూడండి. జాకెట్ కటింగ్, లంగా, ఫ్రాకు, హెమ్మింగు. చాలా చోట్ల బిగువు సంగతి రెండు నిమిషాల్లో తేల్చేస్తారు, లేదా మర ముట్టుకోవద్దనే చెప్తారు. మూడు నెలలకు దారం ఉండలు కట్టడం మొదలవుతుంది. మెకానిక్కును పిలవాలి, పిలిచినప్పుడల్లా డబ్బివ్వాలి. పిలవలేనివాళ్ళ మిషను మూలకు చేరి, దాని మీద టీవీ పెడతారు. అది చూసి, ఇచ్చినా వాడుకోరు అనేవాళ్ళు కూడా తయారుగా ఉంటారు.

2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. దర్జీ ఒకటి, చెప్పులు కుట్టేవాళ్ళు ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలదాకా ఇస్తారు. డబ్బు తీసుకోండి, అది మన హక్కు. కానీ ఆ పథకం మాట్లాడే గురుశిష్య పరంపర, కుటుంబ వృత్తి అన్న భాషను గట్టిగా ప్రశ్నించండి. తండ్రి ఆరె పట్టాడు కాబట్టి కొడుకు ఆరె పట్టాలన్న లెక్కను అమరకోశం అరల నుంచి దింపి ఆన్‌లైన్ దరఖాస్తులో పెట్టినట్టుంది. ఆరె పట్టిన ఇంటి పిల్ల మెకానికల్ ఇంజనీరింగ్ చదివి ఆ బిళ్ళల స్ప్రింగును కొత్తగా డిజైన్ చేసే దారి ఏ కాలమ్‌లో ఉంది?

గార్మెంట్ ఫ్యాక్టరీల్లో కథ ఇంకో రకం. మన వాడల నుంచి వెళ్ళిన ఆడపిల్లలు వరసగా కూర్చుని, ఒకరు కాలరు, ఒకరు జేబు, ఒకరు చేతి పట్టీ కుడుతుంటారు. చాలా ఫ్యాక్టరీల్లో మిషను మరలు తిప్పే పని మెకానిక్కుది, అతను దాదాపు ఎప్పుడూ మగవాడు. కుట్టు వదులైందని మొదట తెలిసేది కుట్టే అమ్మాయికి. బట్ట కదిలే తీరులో, మిషను చప్పుడులో తెలిసిపోతుంది. ఆమె చెయ్యెత్తి మెకానిక్కు కోసం ఎదురుచూడాలి. గంటకు ఇన్ని ముక్కలన్న టార్గెట్టు మాత్రం ఆగదు. కుట్టు చెడితే తిరిగొచ్చే ముక్కలు ఆమె లెక్కలోకే వస్తాయి. జీబర్ గమనించాడు, పేటెంట్ సింగర్‌కు పోయింది. ఇక్కడ ఆమె గమనిస్తుంది, మర తిప్పే హక్కు ఇంకొకరిది, మాట మాత్రం ఆమెకు పడుతుంది.

కాబట్టి వాడల్లో మహిళలతో పనిచేసే కార్యకర్తలకు ఒక పని చెప్తాను. ఈ వారం ఏదైనా ఇంట్లో మూలన పడున్న మిషను దగ్గర నలుగురు కూర్చోండి. పైన ఎర్ర దారం, కింద తెల్ల దారం ఎక్కించండి, రెండూ ఒకే లావువి. పై దారం ఎక్కించేటప్పుడు పాదం పైకెత్తి ఉంచాలి, అప్పుడే బిళ్ళలు విచ్చుకుని దారం వాటి మధ్యలో కూర్చుంటుంది. పాదం దించి ఎక్కిస్తే దారం బిళ్ళల పైపైనే ఉండిపోతుంది, ఎంత బిగించినా లాభం ఉండదు. 'మిషను పాడైంది' అనుకునే వాటిలో చాలా వరకు ఇదే.

ముందు కింద సంగతి చూడండి. బాబిన్ ఉన్న కేసును దారం కొస పట్టుకుని గాల్లో వేలాడదీయండి. జర్రున జారిపోతే వదులు. చెయ్యి కొంచెం విదిలిస్తే ఒక అంగుళమో రెండంగుళాలో జారి ఆగితే సరిగ్గా ఉన్నట్టు. విదిలించినా కదలకపోతే బిగువెక్కువ. రేకు మీదున్న చిన్న మరను పావు వంతుకు మించి ఒకేసారి తిప్పొద్దు. తిప్పేముందు అది ఏ వైపు చూస్తోందో పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఆ రేకు కింద నలక చేరినా దారం వదులవుతుంది, మర తిప్పడానికి ముందు దాన్ని శుభ్రం చేయండి. కింద సరిపోయాక దాన్ని ఇక కదపకుండా పై మరతోనే పని చేయాలి. మీరు కుట్టబోయే బట్టనే రెండు మడతలు వేసి ఒక వరస కుట్టి చూడండి. అడుగున ఎర్ర చుక్కలు కనబడితే పై మర కొంచెం బిగించండి, పైన తెల్ల చుక్కలు కనబడితే వదులు చేయండి. బట్ట మారితే, దారం మారితే మళ్ళీ చూసుకోవాలి. ఒకసారి పెట్టి వదిలేసే అంకె ఏదీ లేదు.

మర తిప్పే పని ఆ ఇంటి ఆడవాళ్ళ చేతే చేయించండి. మీరు తిప్పి చూపించొద్దు.

వచ్చే భాగం నరసాపురం లేసు అల్లిక మీద. మిషనరీలు మొదట మాల, మాదిగ క్రైస్తవ స్త్రీలకు నేర్పిన ఆ పని ఎవరి చేతుల్లోంచి ఎవరి వ్యాపారంలోకి వెళ్ళిందో చూద్దాం. అక్కడ మర ఉండదు, దారం బిగువంతా చూపుడు వేలికి చుట్టుకునే ఉంటుంది.

(ఇంకా ఉంది)